మసక వెనుక కొలత

"ఆ బోల్టు నొక్కింది నేనే మేడం. కాదని ఎట్లంట?"

వెంకటి కటకటాల వెనుక గోడకు ఆనుకొని కూర్చున్నాడు. యాభై ఏళ్ల మనిషి. రెండు అరచేతులనూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని వాటినే చూస్తున్నాడు.

గురువారం, పగలు పదకొండూ పది. ఇన్‌స్పెక్టర్ లక్ష్మీరాజం ప్రైవేటు డిటెక్టివ్ మమతారాణికి ఇచ్చింది పది నిమిషాలే. సాయంత్రం నాలుగు గంటలకు వెంకటిని మేజిస్ట్రేట్ ముందుకు తీసుకుపోతారు. ఆ తర్వాత జైలు.

కరీంనగర్ శివార్లలోని ఒక మామిడి గోదాములో వెంకటి వాచ్‌మన్. అక్కడ పచ్చి కాయలను మాగబెట్టే గదులు నాలుగున్నాయి. మంగళవారం ఉదయం మూడో గది తలుపు తీస్తే, లోపల అరుణ్‌కుమార్ శవమై కనిపించాడు. అతను కాయలు కొనే ఎగుమతి కంపెనీ తరఫున నాణ్యత చూడడానికి వచ్చే ఉద్యోగి. ఒంటిమీద దెబ్బ లేదు. ఊపిరాడక పోయాడు. సోమవారం మధ్యాహ్నం మూడు, రాత్రి ఎనిమిది మధ్య ప్రాణం పోయిందని డాక్టర్ రాశాడు.

"బోల్టు ఎన్నింటికి నొక్కినవ్?" అడిగింది మమతారాణి.

"ఐదింటికి. రోజూ గదే టైముకు నాలుగు గదులయి నొక్కి చూస్త. మూడోది గట్టిగనే ఉండె. అయినా నొక్కిన."

"లోపల్నుంచి సప్పుడు రాలేదా?"

"ఫ్యాన్ల మోతల ఏం ఇనవడ్తది?"

"డ్యూటీకి ఎప్పుడొచ్చినవ్?"

"నాలుగున్నరకు. రెండు రోజులు సెలవు వెట్టి హుస్నాబాద్‌ల మా అక్క ఇంటికి పోయిన. నాలుగూ ఐదుకు బస్టాండ్‌ల దిగిన. టికెట్టు సార్ దగ్గర్నే ఉన్నది."

"అరుణ్‌తోని నీకు పంచాయితీ ఉండెనట?"

"డ్యూటీల పండుకున్న అని గోదాము సేటుకు చెప్పిండు. తిట్లు వడ్డయ్. గా మాత్రానికి మనిషిని సంపుకుంటరా?" అతను తలెత్తాడు. "మేడం, ఒక్క ముచ్చట నిజం చెప్పుండ్రి. నేను నొక్కినంకనే సచ్చిండా? నొక్కకపోతే బతుకుతుండెనా?"

ఉత్త ధైర్యం చెప్పడం మమతారాణికి చేతకాదు. "సాయంత్రం లోపల చెప్త," అని లేచింది.

లక్ష్మీరాజం తన గదిలో ఫైలు కట్టేస్తున్నాడు. బరువైన మనిషి. ఉబ్బసం ఉంది కాబట్టి మాట మధ్యలో ఆగి గాలి తీసుకుంటాడు. మమతారాణి కూర్చోకముందే ఫోన్ ఆమె ముందుకు తోశాడు.

"ఈ ఒక్క ఫోటో చాలు మేడం. సూపర్‌వైజర్ వనజ రోజూ నాలుగింటికి గదిని ఫోటో తీసి కంపెనీ గ్రూపుల పెడ్తది. ఇది మూడో గదిది, సోమవారం నాలుగూ పన్నెండుది. లోపల ఎవలన్న ఉన్నరా?"

తెర మీద ఒక ప్లాస్టిక్ డబ్బా నిండా మామిడికాయలు. పచ్చదనం మీద పసుపు తిరుగుతున్న చోటు కూడా స్పష్టంగా ఉంది. డబ్బా వెనుకంతా మెత్తటి మసక.

"ఎవలూ లేరు," తనే చెప్పాడు. "అంటె అరుణ్ ఆ తర్వాత లోపలికి పోయిండు. ఏదో మరిచిపోయి వచ్చిండనుకుందాం. వనజ నాలుగుంబావుకు ఇంటికి పోయినట్టు గేటు కెమెరాల ఉన్నది. నాలుగున్నర నుంచి పొద్దుగాల దాక ఉన్నది ఒక్క వెంకటే. నొక్కినట్టు వాడే ఒప్పుకుంటుండు. ఇంకేం కావాలె?"

"ఫోటో ఎక్కడ నిలవడి తీసిందట?"

"బయటనే. తలుపుకు చిన్న అద్దం ఉంటది. అందులకెళ్లి తీస్తది. మాగబెట్టినంక గది తెరువద్దు."

మమతారాణి ఫోటోను పెద్దది చేసింది. కాయ మీది నల్ల చుక్కలు కూడా లెక్కపెట్టవచ్చు. "అద్దంలకెళ్లి ఇంత సాఫ్‌గ రాదు సార్."

లక్ష్మీరాజం నవ్వాడు. "ఇది మీ షాపుకు రిపేర్‌కొచ్చిన ఫోన్ కాదు మేడం."

ఆ మాట ఆమెకు కొత్త కాదు. డిటెక్టివ్ బోర్డు పెట్టకముందు బస్టాండ్ దగ్గర పన్నెండేళ్లు ఫోన్లు బాగుచేసింది. పగిలిన కెమెరాలు ఎన్ని మార్చిందో ఆమెకే తెలియదు.

"ఒక్క గంట నాతోని గోదాముకు రండి. నాది తప్పయితే మళ్ల మీ స్టేషన్ మెట్లెక్క. ఆ ఫోటోను మాత్రం ఉన్నదున్నట్టు, డాక్యుమెంట్‌గ నాకు పంపుండ్రి."

లక్ష్మీరాజం పంపాడు. రావడానికీ ఒప్పుకున్నాడు. ఆమె ఓడిపోవడం దగ్గరుండి చూడాలని అతని ముఖంలోనే తెలుస్తోంది.

అతను ఫైలు పని ముగించేలోపు ఆమె, ఆ ఫోటో తీసిన ఫోన్ రకం చూసుకుని, పాత షాపుకు వెళ్లొచ్చింది. గోదాము చేరేసరికి ఒంటిగంటా యాభై. గేటు పక్క గోడనీడలో వెంకటి భార్య లింగవ్వ నీళ్ల సీసా పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. బుధవారం మొగుణ్ని పట్టుకుపోయినప్పటి నుంచి పొద్దంతా అక్కడే ఉంటోంది. మమతారాణిని పిలిపించింది ఆమే.

"ఏమన్న తెలిసిందా బిడ్డా?"

"జరంత సేపు ఆగు లింగవ్వా."

కానిస్టేబుల్‌ను జీపులోనే ఉండమని లక్ష్మీరాజం లోపలికి నడిచాడు. తాళాలగుత్తితో వనజ ఎదురొచ్చింది. ముప్పై ఆరేళ్లుంటాయి. మెడలో గుర్తింపు కార్డు, నలగని చీర. కుర్చీలు వేయించబోతే మమతారాణి వద్దంది.

"అరుణ్ సోమవారం ఎన్నింటికి వచ్చిండు వనజా?"

"పొద్దుగాల పదకొండుకు మేడం."

"మూడో గదిల ఎంతసేపు ఉన్నడు?"

"ఐదు నిమిషాలు. శుక్రవారం మూసిన గది అది. ఆయన కోసం తెరిచి, చూసినంక మళ్ల మూసిన. పదకొండున్నరకు చాయ్ తాగొస్త అని పోయిండు."

"గేటు కెమెరాల పోయినట్టు లేదు."

"వెనుక గేటున్నది. దానికి కెమెరా లేదు."

"ఆ తర్వాత గది ఎప్పుడు తెరిచినవ్?"

"మంగళవారం పొద్దుగాలనే."

"నడుమల ఒక్కసారి గూడ తెరువలే?"

"లేదు మేడం."

"మీ సేటు ఏడి?"

"ఆదివారమే ఆదిలాబాద్ పోయిండు. ఇంకా రాలే."

మూడో గది తలుపు జానెడు మందం. బయట పొడవాటి ఇనుప బోల్టు. లోపల చిక్కుకున్నవాళ్లు నెట్టి తెరుచుకోవడానికి ఇలాంటి తలుపులకు లోపలి వైపు ఒక పిడి ఉంటుంది. ఇక్కడ పిడి లేదు, స్క్రూల రంధ్రాలు మాత్రం ఉన్నాయి.

"నెల కింద ఇరిగింది," అడగకముందే చెప్పింది వనజ. "సేటుకు చెప్పిన."

మమతారాణి ఒక రంధ్రంలో చిటికెన వేలు తిప్పి చూసుకుంది. ఎప్పుడూ చెమ్మ కారే గది. పక్కనున్న ప్రతి స్క్రూకూ తుప్పు పట్టింది. ఈ నాలుగు రంధ్రాల అంచులు మాత్రం మెరుస్తున్నాయి. నెల కింద ఊడిన పిడి అయితే ఇవీ తుప్పు పట్టేవి.

"నీ ఫోన్ ఇయ్యి. సోమవారం ఫోటో దీంతోనే కదా తీసింది?"

"అవు మేడం."

తలుపు మూయించి, ఫోన్‌ను అద్దానికి ఆనించి ఫోటో తీసింది. లోపలి డబ్బాలు మంచులో ఉన్నట్టు అలుక్కుపోయాయి. రెండోసారీ అంతే. ఐదుసార్లు తీసి లక్ష్మీరాజానికి చూపించింది.

"దీనికి వెనుక మూడు కండ్లున్నయ్ సార్. రెండు ఫోటో తీస్తయ్. ఈ చిన్నది దూరం కొలుస్తది. మనకు కనవడని వెలుతురు కొడ్తది. అది దేనికన్న తగిలి ఎంతసేపట్ల తిరిగొస్తదో చూసి, ఎదురుంగ ఉన్నది ఎంత దూరమో లెక్క తీస్తది. ఆ లెక్కనుబట్టే లెన్స్ సదురుకుంటది. ఈ అద్దం రెండు పొరలది, మీద చెమ్మ. వెలుతురు దీనికే తగిలి తిరిగొస్తుంది. ఫోన్ అద్దాన్నే చూస్తుంది, కాయలను చూస్తలేదు. గ్రూపుల శనివారం ఫోటో చూడుండ్రి, ఆదివారంది చూడుండ్రి. అన్నీ గిట్లనే అలుక్కపోయినయ్. సోమవారంది ఒక్కటే సాఫ్‌గ ఉన్నది."

లక్ష్మీరాజం వనజ వైపు తిరిగాడు. ఆమె ముఖం పాలిపోయింది.

"అర నిమిషం తెరిచిన సార్," అంది. "ఫోటోలు సరిగ్గ వస్తలేవని కంపెనీవాళ్లు రెండుసార్లు అన్నరు. తెరువద్దు కదా, అందుకే చెప్పలే."

"అయిపోయింది," అన్నాడు లక్ష్మీరాజం మమతారాణితో. "భయానికి అబద్ధమాడింది. గదైతే ఖాళీగనే ఉండె కద! మీ మూడు కండ్ల ముచ్చటతోని వెంకటికి వచ్చిందేంది?"

"వెనుక మసక ఎందుకు చేసినట్టు సార్? మనుషుల ఫోటోలకు వాడే పద్ధతి అది. ఏ రోజూ వాడలే. సోమవారం ఒక్కరోజే వాడింది."

"వేలు తగిలి ఉంటది."

"అయి ఉండొచ్చు. కాని మసక చెయ్యాలంటె ఫోన్ ముందుగాల అన్నీ కొలవాలె. ఏది దగ్గర, ఏది దూరం అని తెలువకుంటె దేన్ని మసక చెయ్యాల్నో దానికెట్ల తెలుస్తది? ఆ కొలతలు ఫోటో అడుగున్నే దాచిపెడ్తది. మామూలుగ పంపితె పోతయ్. మీరు డాక్యుమెంట్‌గ పంపిండ్రు."

ఆమె తన ఫోన్‌లో ఆ అడుగు పొరను తెరిచింది. రంగులు లేని బొమ్మ. దగ్గరివి తెల్లగా, దూరం పోయేకొద్దీ బూడిదరంగులో, చివరి గోడ నల్లగా. ముందున్న డబ్బా సున్నం వేసినట్టు ఉంది. అటూ ఇటూ డబ్బాల వరుసలు క్రమంగా చీకట్లో కలిసిపోతున్నాయి. నడుమ దారి నల్లగా ఖాళీగా ఉండాలి. ఆ నలుపులో పదమూడు అడుగుల దూరాన బూడిదరంగు ముద్ద ఒకటి ఉంది.

"ఏదో బస్తా," అన్నాడు లక్ష్మీరాజం.

"అయితె మీరు పోయి ఆడ కూసోండ్రి. ఇదే కొలతతోని నేనొక ఫోటో తీస్త. బస్తానో మనిషో చూద్దాం."

"నన్ను కింద కూసోమంటున్నవా?"

"నాది తప్పని తేలాలంటె గదే దారి సార్."

అతను టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. తలుపు తీయించి, గొణుగుతూనే డబ్బాల మధ్య నడిచి, చివరన వరుసకు వీపు ఆనించి కూలబడ్డాడు. మమతారాణి వనజ ఫోన్ వనజకు ఇచ్చేసింది. షాపు నుంచి తెచ్చుకున్న అదే రకం ఫోన్ బయటికి తీసింది. లోపలికి రెండడుగులు వేసి, ముందు డబ్బాను చూసి ఫోటో తీసింది.

రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టింది. అదే చోటు, అదే ఎత్తు, అవే భుజాలు. లక్ష్మీరాజం లేచి వచ్చి ఆమె భుజం మీదుగా చూశాడు.

"నాలుగూ పన్నెండుకే లోపలున్నడు," అన్నాడు. "అప్పటికి వెంకటి బస్టాండ్ నుంచి దారిల ఉన్నడు."

వెనుక తలుపు మూసుకుంది.

బోల్టు పడిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. ఆ వెంటనే దీపం ఆరింది. పైన తిరుగుతున్న ఫ్యాన్ మెల్లగా ఆగిపోయింది. దాని స్విచ్చీ, దీపం స్విచ్చీ బయటే ఉన్నాయి. మమతారాణి ఫోన్‌లో టైమ్ చూసుకుంది. రెండూ ముప్పై ఐదు. సిగ్నల్ లేదు.

లక్ష్మీరాజం భుజంతో తలుపును గుద్దాడు. రెండు పిడికిళ్లతో బాదాడు. తుపాకీ వెనుక భాగంతో అద్దాన్ని కొట్టినా అది పగలలేదు. కానిస్టేబుల్‌ను పేరుపెట్టి అరిచాడు. జీపు రెండు వందల గజాల అవతల గేటు దగ్గర ఉంది. ఈ తలుపుకు ఇవతల గుద్దితే అవతల నిలబడ్డవాళ్లకే సరిగా వినపడదు. నాలుగు నిమిషాలకే అతని ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి.

"నీ వల్ల..." అన్నాడు. "నీ ఫోటోల పిచ్చి వల్ల..."

"మాట్లాడకుండ్రి సార్. మీ మందు ఏది?"

"జీపుల."

అతను గోడ పట్టుకుని కూర్చోబోయాడు. మమతారాణి చంక కింద చేయి వేసి ఆపింది. "కింద కూసోవద్దు. కాయలు గాలి తింటయ్. అవి ఇడిసిన చెడుగాలి బరువు, కిందికి దిగుతది. డబ్బాల మీదికెక్కుండ్రి."

తన ఫోన్ వెలుతురులో ఒక్కో డబ్బా చూపిస్తూ అతన్ని మూడు వరుసల ఎత్తుకు ఎక్కించింది. పక్కనే తనూ ఎక్కింది. చెమ్మ, తియ్యటి పుల్లటి వాసన, చీర ఒంటికి అంటుకుపోతోంది. కంటి వెనుక నొప్పి లేచింది. అది గాలి వల్లనో భయం వల్లనో ఆమెకు తెలియలేదు. నాలుగు గోడలూ అరచేతి దూరంలోకి జరిగినట్టు అనిపించింది. ఏదో ఒకటి చేస్తూ ఉండకపోతే తనూ ఆ తలుపును బాదడం మొదలుపెడుతుంది. అందుకే మళ్లీ ఆ రెండు బొమ్మలనూ తెరిచింది.

లక్ష్మీరాజం బొమ్మలో రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి. ముద్ద నున్నగా ఉంది. సోమవారం బొమ్మలో కుడి భుజం దగ్గర సన్నటి బూడిదరంగు కొమ్మ పైకి లేచి ఉంది. ఇందాక దాన్ని డబ్బా అంచు అనుకుంది. ఇప్పుడు చూస్తే దాని వెనుక డబ్బా లేదు, ఉత్త దారి. కొమ్మ చివర వెడల్పయింది.

"సార్," అంది. "ఇది చెయ్యి."

అతను ముందుకు వంగాడు.

"సచ్చినోడు చెయ్యి లేపడు."

"అంటె... ఆమె తలుపు తీసేసరికి..."

"బతికే ఉన్నడు. లేచే సత్తువ లేదు. ఆమెను చూసి చెయ్యి లేపిండు. ఆమె ఫోటో తీసుకొని తలుపేసింది."

"ఐదింటికి వెంకటి నొక్కింది..."

"ముందే పడ్డ బోల్టు. నొక్కినా, నొక్కకున్నా ఒక్కటే."

లక్ష్మీరాజం ముఖం తుడుచుకున్నాడు. "రాత్రంత నన్ను గదే అడిగిండు. నేను నొక్కినంకనే సచ్చిండా సార్ అని. నాటకం అనుకున్న."

రెండూ యాభై ఒకటికి అద్దంలో వెలుతురు కదిలింది. వనజ ముఖం. చూసి పోవడానికి వచ్చింది. మమతారాణి డబ్బాల మీది నుంచి దూకి, తెర వెలుగు పూర్తిగా పెంచి సోమవారం బొమ్మను అద్దానికి ఆనించింది. ఏమీ అరవలేదు. ఆ బూడిదరంగు చేయి మీద వేలు పెట్టి అలాగే నిలబడింది.

వనజ చూసింది. పెదవులు కదిలాయి. తర్వాత అద్దంలో ముఖం లేదు.

మూడయింది. మూడుంబావు అయింది. లక్ష్మీరాజం ఒక్కో ఊపిరినీ బావిలోంచి తోడినట్టు తోడుతున్నాడు. మమతారాణి అతని వీపు రాస్తూ, "మెల్లగ, నోటితోని," అని చెబుతోంది. ఒకసారి అతను ఆమె చేయి పట్టుకుని ఏదో చెప్పబోయాడు. బ్యాటరీ కోసం ఆమె ఫోన్ దీపం ఆర్పేసింది. ఆ చీకట్లో ఐదు గంటలు ఒక్కడే ఎలా కూర్చున్నాడో అని అరుణ్ గురించి ఆలోచన వచ్చింది. దాన్ని పక్కకు నెట్టింది.

మూడూ ముప్పై ఒకటికి బోల్టు కదిలింది.

తలుపు తెరుచుకుంటే పగటి వెలుతురు కళ్లలో పొడిచింది. వనజ రెండు చేతులతో బోల్టు పట్టుకునే నిలబడి ఉంది. ముఖమంతా తడి. మమతారాణి లక్ష్మీరాజాన్ని ఈడ్చుకుంటూ బయటికి తెచ్చి గోడకు ఆనించింది. అతను నోరు తెరిచి గాలి మింగాడు.

"రెండోసారి నాతోని కాలే అక్కా," అంది వనజ. "వెనుక గేటు నుంచి పోదామనుకున్న. బండి తాళం ముందటి గేటు కాడ పెట్టిన. తీసుకుందామని పోతే లింగవ్వ చూసి, ఏమైంది బిడ్డా గట్ల వణుకుతున్నవ్ అని నీళ్లిచ్చింది. తాగిన. తాగి ఇటు వచ్చిన."

"అరుణ్ బతికే ఉన్నడు కదా నువ్వు తలుపు తీసినప్పుడు?"

"ఉన్నడు. 'అక్కా' అన్నడు. గొంతు రాలే."

"మరెందుకు మూసినవ్?"

"కాయల కింద కార్బైడ్ పొట్లాలు చూసిండు, తొందరగ మాగనీకి వాడే మందు, సర్కారు వద్దన్నది. కంపెనీకి చెప్తనన్నడు. సేటుకు ఫోన్ చేస్తే, జరసేపు లోపలుంచు, నేనొచ్చి మాట్లాడుత అన్నడు. అరుణ్ ఎనుక డబ్బాలు చూస్తుంటె పిడి గూడ గప్పుడే నాతోని ఇప్పించిండు. సేటు రాలే. నాలుగింటికి నేనే తెరిచి, బతికే ఉన్నడు సేటు అని ఫోన్ల చెప్పిన. లైన్లనే ఉండి చెప్పిండు, వెనుక మసక చేసి ఫోటో పంపు, తలుపేసి ఇంటికి పో అని."

"ఆదిలాబాద్ నుంచా?"

"ఆయన ఊరు దాటనే లేదు అక్కా. మిమ్ములను మూసినంక గూడ ఆయనకే చేసిన. తెరువకు, మనుషులను తీసుకొని వస్తున్న అన్నడు."

ఆమె చేతిలోని ఫోన్ మోగింది. తెర మీద సేటు పేరు చూసి వనజ దాన్ని కింద పడేయబోయింది. మమతారాణి ఆమె మణికట్టు పట్టుకుంది. లక్ష్మీరాజం గోడ పట్టుకుని లేచాడు. ఇంకా మాట రావడం లేదు. రెండో చేత్తో నడుము దగ్గరి తోలు ఒర పట్టీ విప్పి తుపాకీ మీద చేయి వేశాడు.

"ఎత్తు," అంది మమతారాణి మెల్లగా. "తలుపు మూసే ఉన్నదని చెప్పు."